మూడు తగ్గినాయి

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే, టికెట్టు కొట్టి చేతికిస్తూ కండక్టరు నన్ను గుర్తుపట్టాడు.

"జింకల టీచరమ్మవు గదా నువ్వు! మా ఊరి పెద్దాయన పోయినాడు, తెలుసునా? పదైదు దినాలాయ."

"అయ్యో" అన్నాను. ఐదేళ్లుగా ఆయనతో నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో ఎవరికీ చెప్పనూ లేదు. బస్సు ఆయన ఊరి దగ్గర ఆగింది. దిగాలా వద్దా అని తేల్చుకునేలోపే కదిలిపోయింది. కిటికీలోంచి ఊరబీడు కనిపించింది. తుమ్మలు, రేగుపొదలు, వాటి వెనక పసుపుపచ్చగా ఎండిన గడ్డి బయలు. ఆ బీడు ఇంకా బీడుగానే ఉండటానికి కారణం నేను చెప్పిన ఒక అబద్ధమని ఐదేళ్లుగా నమ్ముతూ వచ్చాను. ఆ అబద్ధానికి ఆయన తలూపాడన్నదే ఆయన మీద నా కోపం.

ఆయన నేతగాడు. ఊళ్లో పది మగ్గాలుంటే అందులో ఒకటి ఆయనది. ఎమ్మిగనూరు నుంచి నూలు తెచ్చుకుని, తెల్లవారి నుంచి పొద్దుగూకే దాకా గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి. నడుం కొంచెం ముందుకు వంగిపోయింది. తలలో ఎప్పుడూ నూలు పీచు ఉండేది. నెరిసిన వెంట్రుకేదో, పీచేదో తెలిసేది కాదు.

నేను ఆదోనిలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్ని. మా ఇంట్లో తరతరాలుగా ఉన్నవి రెండే పనులు: గుడి సేవ, లేదంటే చదువు చెప్పడం. డెబ్భైల చివర్లో నేనూ, ఒక పోస్టుమానూ, పత్తి మిల్లులో ఒక గుమస్తా కలిసి, ఏటా ఎండాకాలంలో ఒక రోజు ఊరబీడులో ఏయే జంతువులున్నాయో లెక్కపెట్టి రాద్దామనుకున్నాం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, మాకే పుట్టిన బుద్ధి. "జంతువుల్ని లెక్కపెట్టమని ఏ శాస్త్రంలో ఉందే?" అని మా నాన్న అడిగాడు. "కాపాడమని ఉంది గదా, ఎన్నున్నాయో తెలియకుండా ఎట్ల కాపాడేది?" అన్నాను. నాన్న నా వైపు చూసి, విభూతి పెట్టె మూసి లోపలికి వెళ్లిపోయాడు.

బీడులోకి నాలుగు కాలిబాటలు ఉన్నాయి. తెల్లవారుతూనే నలుగురం నాలుగు బాటల్లో నడవాలి. చూసింది చూసినట్టు రాసుకోవాలి. అవతలి కొసన గొర్రెల కోసం కట్టిన రాతి తొట్టి దగ్గర కలవాలి. మేం ముగ్గురమే కాబట్టి, నాలుగో మనిషి కావాలని ఊళ్లో అడిగాం. ఏ గొర్రెల కాపరో వస్తాడనుకుంటే, తల్లో పీచుతో ఈయన వచ్చాడు.

"మగ్గం ఇడిసి నువ్వేం జేస్తావప్పా ఆడ?" అని ఊళ్లోవాళ్లు నవ్వారు.

"యాడాదంతా గుంటలో కూచునే కాళ్లు. ఒక పూటన్నా నడక సూపియ్యొద్దా వాటికి?" అన్నాడు.

ఆయనకు చదువు రాదు. పుస్తకం, పెన్సిలు ఇవ్వబోతే వద్దన్నాడు. మొలలో దోపుకున్న గుడ్డసంచీలోంచి రంగుదారాల ముక్కలు తీశాడు. చీర అంచులు నేయగా మిగిలినవి. ఎరుపు జింకకు, తెలుపు కుందేలుకు, ఆకుపచ్చ నెమలికి, పసుపు కౌజుపిట్టకు. కనిపించిన జంతువుకు ఆ రంగు దారంలో ముడి వేస్తాడు. అదీ బయటికి కనిపించేలా కాదు. భుజం మీది తుండుగుడ్డ చేతుల మీదికి జార్చుకుని, దాని కింద వేళ్లతో వేస్తాడు. కళ్లు జంతువు మీదే ఉంటాయి.

"ఎన్ని చూసినావు పెద్దాయనా?" అని మొదటిసారి తొట్టి దగ్గర అడిగాను.

ఆయన నాలుక కరుచుకున్నాడు. "పానముండే వాటి లెక్క నోటితో అనరాదమ్మా. దిష్టి. దారంలో ఉండాది, సూసుకో."

సూసుకున్నాను. ఇందులో అడగాల్సింది ఏముంది? ముడి అంటే ఒకటి. లెక్కల టీచరుకు ఆ మాత్రం తెలియదా! దారం కొసన ఒకటో రెండో ముడి పడని ఉచ్చులు ఉండేవి, లాగితే ఊడిపోయేవి. అవి ఆయనకే అనుమానం ఉన్నవేమో అనుకుని వదిలేసేదాన్ని.

అట్లా అనుకోవడానికి కారణం ఉంది. లెక్క విషయంలో ఆయనంత మొండివాణ్ని నేను చూడలేదు. ఒకసారి గుమస్తా తన బాటలో తోడేలు ఉందని పొంగిపోతూ వచ్చాడు.

"సూసినావా, ఇన్నావా?" అన్నాడు ఈయన.

"అరుపు విన్నాలే. తోడేలే, అనుమానం లేదు."

"ఇన్నదానికి ముడి పడదప్పా. సూసిందే ముడి."

ఆ మాట మా నలుగురిలో ఊతపదమైపోయింది. బడిలో పిల్లలు ఎవరైనా మరొకరి మీద చాడీ చెప్తే "సూసిందే ముడి" అనేదాన్ని నేను. ఇంకోసారి గడ్డిలో రెండు చెవులు కదిలాయని, చెవులే తప్ప ఒళ్లు కనపడలేదని, ఆయన ఆ కుందేలును వదిలేశాడు. "చెవులుంటే కుందేలు ఉండదా?" అని పోస్టుమాను వాదించాడు. "ఉంటాది. కానీ నేను సూల్లేదు" అన్నాడు. అక్కడితో సరి.

రెండో ఏడు నేను ఆయన బాటలోనే కలిసి నడిచాను. కాలు బెణికి ఒంటరిగా నడవలేకపోయాను. గడ్డి బయలు ఉన్నది ఆయన బాటలోనే. అందుకే జింకల లెక్కంతా ఆయన చేతిలోనే ఉండేది. నడుస్తూ నడుస్తూ వంగి జింక పెంటికలు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, నూలు పోగు సన్నమో ముతకో చూసినట్టు చూసేవాడు. "నిన్నటివి" అనేవాడు. లేదా "ఇప్పుడే పోయినాయి, మనం బిరబిర మాట్లాడితిమి" అని నన్ను ఓరగా చూసేవాడు. నా మెడలో బడి బైనాక్యులర్స్ వేలాడుతూ ఉండేది. చూడమని ఇస్తే తీసుకోలేదు.

"మనం దాన్ని దగ్గరగా సూస్తాం. అది మనల్ని సూడదు. అదేం మరేదమ్మా?"

పొదలు దాటగానే మంద కనిపించింది. ముందు ఒక నల్లపోతు, మెలితిరిగిన కొమ్ములతో మా వైపే చూస్తూ నిలబడింది. సంతోషం పట్టలేక వేలు పెట్టి "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టాను. ఏడు దగ్గర ఆయన నా చెయ్యి కిందికి దించాడు. ముట్టుకున్నందుకు ఆయనే జంకి, "తప్పు, తప్పు" అని లెంపలు వేసుకున్నాడు. ఆ లెంపలు నన్ను ముట్టుకున్నందుకో, నేను నోటితో లెక్కపెట్టినందుకో ఇప్పటికీ తెలియదు. మంద లేచి పరుగెత్తింది. "పోప్పా, పో, నీ పని సూసుకో" అన్నాడు నల్లపోతుతో, వీధిలో ఎదురైన చుట్టంతో అన్నట్టు.

ఆ రోజు దారంలో ఇరవై ఎనిమిది ముళ్లున్నాయి. మంద అంతకంటే పెద్దదిగా అనిపించింది నాకు. కంగారులో అట్లాగే అనిపిస్తుందిలే అనుకున్నాను.

తొట్టి దగ్గర అందరం తినేవాళ్లం. ఆయన కొంచెం ఎడంగా కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి విప్పేవాడు. మా ఇంటి ఆచారం తెలిసినవాడు కాబట్టి నాకు ఎప్పుడూ పెట్టబోలేదు. ఆ ఏడు నేనే చెయ్యి చాపి, "నాకు లేదా?" అన్నాను. ఆయన కాసేపు రొట్టె వైపే చూసి, నడిమధ్యది, మాడని ముక్క తుంచి ఇచ్చాడు. "ఇంట్లో సెప్పొద్దు" అన్నాడు. చెప్పలేదు.

మూడో ఏడు లెక్కకు పది రోజుల ముందు కర్నూలు నుంచి ఒక అటవీశాఖ ఆఫీసరు జీపులో వచ్చాడు. మంచివాడే. మేం రాసిన రెండేళ్ల కాగితాలూ తెప్పించుకుని చదివాడు.

"రెండేళ్లలో ఎప్పుడూ ముప్పై జింకలు కూడా లేవు టీచరుగారూ. ఇంత బీడు వాటి కోసం వదలమంటే పైవాళ్లు ఒప్పుకోరు. ఈ వానలకు దున్ని జామాయిల్ నాటాలని ఉంది. యాభై, అరవై ఉన్నాయంటే చెప్పండి, వదిలేయమని నేనే రాస్తాను."

ఊళ్లో కొందరికి జామాయిల్ వస్తే కూలి పని దొరుకుతుందని ఆశ. వాళ్లనూ తప్పు పట్టలేను. పెద్దాయన మాత్రం ఆ మాట విని, చేతిలోని మగ్గం నాడెను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. "దున్నితే యాడికి పోతాయమ్మా అవి? దేవనకొండ పక్కకు పోతే ఆడ యాటగాళ్ల వలలుండాయి" అన్నాడు. అంతే. కానీ లెక్క రోజున అందరికంటే ముందే బీడులోకి వెళ్లాడు. అందరికంటే ఆలస్యంగా తొట్టి దగ్గరికి వచ్చాడు. కాళ్ల నిండా రేగుకంప గీసిన గీతలు. ఎర్రదారం నా చేతిలో పెట్టి, "ఈతూరి బాగుండాది" అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

ముళ్లు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. కొసన మూడు ఉచ్చులు.

ఇంకోసారి లెక్కపెట్టాను. ముప్పై ఒకటే.

ఆయనను అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు: సూసిందే ముడి. చెవులు చూసి కుందేలు లేదన్న మనిషి నా కోసం ముప్పై జింకలు పుట్టిస్తాడా? మిగతావాళ్లు చేతులు కడుక్కుంటుంటే, తొట్టి గట్టు మీద కూర్చుని, కాగితం మీద ముప్పై ఒకటిని అరవై రెండు చేశాను. అబద్ధం చెప్పడం చేతకానివాళ్లకు ఊహ కూడా ఉండదు. ఏ అరవయ్యో, డెబ్భయ్యో గుండుగుత్తగా రాయొచ్చు. నేను బడిలో నేర్పినట్టు పద్ధతిగా రెండుతో హెచ్చవేశాను. కింద "లెక్కించినవారు" అని నా పేరు రాశాను. తప్పు నాదైతే పేరు నాదే ఉండాలి గదా అనుకున్నాను.

మర్నాడు ఊరి పంచాయతీ ఆఫీసు ముందు చెట్టు నీడన ఆఫీసరు కుర్చీలో కూర్చుంటే, ఊరివాళ్ల ముందు నేనే చదివాను. "జింకలు, అరవై రెండు." గుంపులో ఈయన చటుక్కున కళ్లు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా తలూపాడు. అవునన్నట్టు. ఆఫీసరు సంతోషంగా సంతకం పెట్టాడు. బీడు నిలిచింది.

జీపు వెళ్లిపోయాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అంతా సరింగ రాసినావు టీచరమ్మా. తగ్గినాయి గానీ..."

తుండుగుడ్డ కిందనుంచి మూడు వేళ్లు తీసి చూపించాడు. చిన్నగా నవ్వాడు.

ముప్పై ఒకటి దొంగతనంగా కలిపినదాన్ని మరో మూడు ఎందుకు కలపలేదని ఎకసెక్కం చేస్తున్నాడనుకున్నాను.

"వదిలెయ్ పెద్దాయనా" అన్నాను.

"ఇంకోతూరి దారం సూడమ్మా, నీకే తెలుస్తాది."

"చూసినాను! చాలు!" అని అరిచాను. ఆయన మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఆయన ముఖంలోని నవ్వు అట్లాగే ఉండిపోయి, కాసేపటికి పోయింది. తుండుగుడ్డ భుజం మీద సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ ఎండల్లో బస్సులో తిరిగి వస్తూ ఏడ్చాను. నా తప్పు తెలిసిపోయిందని కొంత, కానీ ఎక్కువ బాధ అది కాదు. సూసిందే ముడి అన్న మనిషి అందరి ముందూ నా అబద్ధానికి తలూపాడు. అవసరం వస్తే ఆయనా మా అందరిలాంటివాడే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నన్ను నేను క్షమించుకున్నాను గానీ ఆయనను క్షమించలేకపోయాను. ఎంత అన్యాయం!

ఆ తర్వాత లెక్కకు పోలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలనో, మోకాలు నొప్పనో చెప్పాను. నేను లేకపోయేసరికి పోస్టుమానూ గుమస్తా కూడా మానుకున్నారు. ఏటా ఎండాకాలంలో ఆయన ఎవరో ఒక బస్సు కండక్టరు చేత కబురు పంపేవాడు: "దారం సూసేకి టీచరమ్మ ఎప్పుడొస్తాదంట?" ఆ "దారం" అన్న మాట వినగానే నాకు చెంపదెబ్బ తగిలినట్టుండేది. ఎత్తిపొడుస్తున్నాడనుకునేదాన్ని. జవాబు పంపేదాన్ని కాదు.

బస్సులో ఆ వార్త విన్న వారానికి, ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లాను. మగ్గం గుంట మీద చెక్కపలక కప్పి ఉంది. ఆయన భార్య రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. పక్కింటి మగ్గానికట. నన్ను చూసి లేవబోతే, వద్దని పక్కనే కూర్చున్నాను. ఆమె లేచి, గోడ కొక్కేనికి వేలాడుతున్న చిన్న గుడ్డమూటలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఐదు.

"నీవే ఇవి. ఏటేటా ఒగడే పోయి కట్టుకొచ్చినాడు. నువ్వొస్తావని ఎత్తిపెట్టినాడు. పోయినేడు కట్టె పట్టుకోని పోయినాడు, వద్దంటే ఇనల్యా."

ఒక మూట విప్పాను. ఎర్రదారం. ఏదో ఒకటి చేయాలి కాబట్టి ముళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మనసులోనే. వేలు మాత్రం ముడి నుంచి ముడికి జరుగుతోంది. ఆమె చూస్తూ ఉంది.

"ఏమ్మా, ఒంటొంటిగా ఎంచుతాండావు?"

"మరి?"

"ముడికి జత గదా! మా నేతోళ్లకు అంతా జతే. పోగులు దూర్చే అచ్చులో సందుకు రెండు పోగులు పోతాయి. మేము సందులే ఎంచుతాము, పోగులు ఎంచము. ఒంటిది మిగిలితే ముడెయ్యము, ఉచ్చేసి ఇడుస్తాము."

చేతిలోని దారం వదిలి, ఆ మూడో ఏటి దారాన్ని మనసులో మళ్లీ లెక్కేసుకున్నాను. ముప్పై ఒక ముళ్లు. అరవై రెండు జింకలు. మూడు ఉచ్చులు.

అంటే ఆయన చూసింది చూసినట్టే కట్టాడు. ఆయన తలూపింది నా అబద్ధానికి కాదు, తన లెక్కకు. మొదటి రెండేళ్లూ మందను సగం చేసి, ఆ కాగితాలతో ఆఫీసరు చేత బీడును దున్నించబోయింది నేను. అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే దాన్ని అడగకుండా, లెక్కల టీచర్ననే పొగరుతో వదిలేశాను.

"ఆ ఏడు ఇంటికొచ్చి నాలుగు దినాలు అన్నం సరింగ తినల్యా" అంది ఆమె, కండె తిప్పుతూ. "ఈనిన జింకలంట. పిల్లను పొదలో దాసి, మంద ఇడిసి ఒంటిగా మేస్తాండాయంట. ముండ్లలో పాక్కుంటా పోయి సూసొచ్చినాడు. తల్లుల్ని లెక్కలో ఇడిసిపెట్టినారే, రాసుకోమంటే టీచరమ్మకు కోపమొచ్చెనే అని ఒగటే బాధ. ఎన్నయ్యా అవి అంటే..."

ఆమె నోటితో అనలేదు. కండె పక్కన పెట్టి, మూడు వేళ్లు చూపించింది.

అప్పుడు ఏడ్చాను. తన మొగుడి కోసం ఏడుస్తున్నాననుకుని ఆమె నన్ను ఓదార్చింది. నేను ఆమెకు చెప్పాలి. చెప్పాను కూడా. ముళ్లు ఒంటిగా లెక్కపెట్టిన సంగతి, రెండింతలు చేసిన సంగతి, ఎకసెక్కం అనుకున్న సంగతి, అన్నీ. ఆమె అంతా విని, పక్కన పెట్టిన కండె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఒగ మాట అడిగింటే అయిపోతాండె గదమ్మా" అంది చివరికి. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండుననిపించింది.

లేచి జొన్నరొట్టె చేసింది. తిన్నాను. ఈసారి ఇంట్లో చెప్పాను.

ఐదు మూటలూ ఆ మధ్యాహ్నమే విప్పి చూశాను, జతల లెక్కన, ఉచ్చులతో సహా. ఎన్నున్నాయో ఇక్కడ రాయను. ఆయన ఒప్పుకోడు.

కానీ ఒక్క లెక్క మాత్రం రాయక తప్పలేదు. మర్నాడు బడిలో ఖాళీ పీరియడులో కూర్చుని కర్నూలు అటవీశాఖ ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఫలానా ఏడు ఊరబీడు లెక్కలో జింకలు అరవై రెండు అని ఉన్నచోట అరవై ఐదు అని దిద్దుకోవాలని, తప్పు నాదని, "లెక్కించినవారు" అన్నచోట నా పేరు కొట్టేసి కింద రాసిన పేరు వేసుకోవాలని. ఇంటిపేరుతో సహా ఆయన పేరు గుండ్రంగా, స్పష్టంగా రాశాను. అప్పటి ఆఫీసరు ఎప్పుడో బదిలీ అయిపోయాడట. జవాబు రాలేదు. ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో, అసలుందో లేదో తెలియదు.

ఉంటే మటుకు, ఆ ముగ్గురు తల్లులూ లెక్కలోకి వచ్చారు పెద్దాయనా.